ఆ మేడ బిల్లు ఎవరు కట్టారు?

మొన్న చలికాలంలో ఓ ఆదివారం పొద్దున మా అత్తగారిని వెంటబెట్టుకుని కోఠీ విమెన్స్ కాలేజీకి వెళ్లాను. హెరిటేజ్ వాక్. ఇరవై మందిమి ఉంటాం, సగం మంది నాలాంటి ఐటీ జనమే. వీపుకి బ్యాగులు, చేతిలో ఫోన్లు. గైడు హుషారైన కుర్రాడు. మెట్లకి అటూ ఇటూ కూర్చున్న ఆ రెండు పెద్ద సింహాల దగ్గర మమ్మల్ని నిలబెట్టి కథ ఎత్తుకున్నాడు. ఓ ఇంగ్లీషు దొర, ఓ హైదరాబాదీ బేగం, మధ్యలో మతం, బంధువుల గొడవ, చివరికి పెళ్లి, ఆమె కోసం ఈ ప్యాలెస్. "దక్కన్ తాజ్‌మహల్ సార్ ఇది," అన్నాడు. పావుగంట సేపు అదే. అమెరికా వైట్‌హౌస్‌కి కవల అని ఓ రెండు నిమిషాలు. 1857 గురించి ఒక వాక్యం.

నేనాగలేక అడిగాను, "ఈ దొరే కదా 1800లో రాయలసీమని కంపెనీ పేర రాయించింది?" అని.

ఆ కుర్రాడు ఒక్క క్షణం తడుముకుని, "అది పాలిటిక్స్ సైడ్ సార్. మనది హెరిటేజ్," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

ఆ కుర్రాడి మీద నాకేం కోపం లేదు. టికెట్ కొన్నవాళ్లు ఏ కథ అడుగుతారో అదే చెబుతున్నాడు. నా గొడవ టికెట్ కొన్నవాళ్లతో, అంటే మనతో. పాత మేడ కనబడగానే దాని వెనక ఓ ప్రేమకథ వెతుక్కునే మన అలవాటుతో.

నాది అనంతపురం జిల్లా. పెద్ద సినిమా రిలీజైన శుక్రవారం మా ఊరివాళ్లం నెట్‌లో మొదట వెతికేది "సీడెడ్ షేర్ ఎంత?" అని. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర ఇంత. నా చిన్నప్పుడు సీడెడ్ అంటే డిస్ట్రిబ్యూటర్లు పెట్టుకున్న పేరేమో అనుకునేవాణ్ణి. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో, కోఠీ ఫుట్‌పాత్ మీద సెకండ్ హ్యాండ్ పుస్తకాలు కొనడానికొచ్చినప్పుడు, ఓ చరిత్ర పుస్తకం తిరగేస్తూ చదివాను దాని అర్థం. ఇచ్చేసిన జిల్లాలు. వదులుకున్న జిల్లాలు. 1800 అక్టోబర్ 12న నిజాం అలీఖాన్‌కీ కంపెనీకీ కుదిరిన ఒప్పందం ప్రకారం బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో చాలా భాగం కంపెనీ చేతికి పోయాయి. కంపెనీ తరఫున ఆ ఒప్పందం కుదిర్చినవాడు హైదరాబాద్ రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. నేను ఆ పేజీ చదువుతూ నిలబడ్డ ఫుట్‌పాత్‌కి కాస్త దూరంలోనే, గోడ అవతల, అతని మేడ. అప్పుడు నాకా సంగతి తెలీదు.

రెండొందల ఏళ్లు దాటాయి. నిజాం పోయాడు, కంపెనీ పోయింది, ఆ కాగితం మీది మాట మాత్రం వారం వారం కలెక్షన్ల లెక్కలో బతికే ఉంది. దాన్ని "దత్త మండలాలు" అని తెలుగు చేసుకుని మరీ మోశాం. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు "రాయలసీమ" అనే పేరు పెట్టేదాకా, మా ప్రాంతానికి పేరు అంటే ఒక రసీదే.

ఇక ప్రేమకథ. అది అబద్ధమని నేననను. కిర్క్‌పాట్రిక్‌కీ ఖైరున్నిసాకీ పెళ్లి జరిగింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, దాని మీద కంపెనీలో విచారణలు నడిచాయి. విలియం డాల్రింపుల్ 2002లో 'వైట్ మొగల్స్' రాశాక ఈ కథ ప్రపంచానికి తెలిసింది. అది మంచి పుస్తకం, నేను రెండుసార్లు చదివాను. అందులో ఒప్పందాలున్నాయి, ఫ్రెంచి పటాలం రద్దు ఉంది, గవర్నర్ జనరల్ వెల్లస్లీ దూకుడు ఉంది, ఆ దూకుడు పోనుపోను కిర్క్‌పాట్రిక్‌కే మింగుడుపడకపోవడం కూడా ఉంది. రచయిత దాచిందేమీ లేదు. బోరు కొట్టే పేజీలని మనమే దూకేశాం. దూకేసి, మిగిలినదాన్ని రీల్స్ చేసుకున్నాం.

పోనీ ఆ ప్రేమకథనైనా సరిగ్గా చెబుతున్నామా? "ఆమె కోసం కట్టిన ప్యాలెస్" అనే మాటే తప్పు. ఈ పెద్ద మేడ రెసిడెంట్ దర్బారు, ఆఫీసు, విందుల హాలు. ఖైరున్నిసా ఉన్నది దీని వెనక తోటలో జనానాలో, రంగమహల్లో. పరదాలో ఉన్న ఆమె ఈ మేడ ముందుభాగం చూసే వీల్లేదు కాబట్టి దీనికి బుల్లి నమూనా ఒకటి కట్టించి ఆమె తోటలో పెట్టాడని చెబుతారు. ఆ బొమ్మ మేడ ఇప్పటికీ ఉంది. రంగమహల్ లేదు. పందొమ్మిదో శతాబ్దంలోనే దాన్ని పడగొట్టేశారు, ద్వారమొకటి మిగిలింది. ఆమె ఉన్న ఇల్లు పోయింది, ఆయన కచేరీ నిలిచింది. ఆ కచేరీ ముందు నిలబడి మనం ఆమె పేరు చెప్పుకుని సెల్ఫీ దిగుతున్నాం.

1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండు ఓడ ఎక్కించారు. పేర్లు మారిపోయాయి, మతం మారిపోయింది, తల్లి మళ్లీ వాళ్ల మొహం చూడలేదు. అదే ఏడాది అక్టోబర్లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. తర్వాత ఆమెకి దగ్గరైన హెన్రీ రస్సెల్ (కిర్క్‌పాట్రిక్ దగ్గర పనిచేసినవాడే) కొన్నాళ్లకి ఆమెని వదిలేశాడు. హైదరాబాద్‌లో అడుగుపెట్టనీయక, మచిలీపట్నంలో కొన్నేళ్లు ప్రవాసం. 1813లో చనిపోయేనాటికి ఆమెకి ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆ హెన్రీ రస్సెల్ అప్పటికి ఇదే మేడలో రెసిడెంట్! వాక్‌లో మచిలీపట్నం దాకా కథ రాదు. పెళ్లి దగ్గర శుభం కార్డు పడిపోతుంది.

సరే, మేడ సంగతికొద్దాం. నేను సివిల్ చదవలేదు, కంప్యూటర్స్ వాణ్ణి. కానీ కాపీ-పేస్ట్ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు.

ఈ శైలికి మూలపురుషుడు ఆంద్రియా పల్లాడియో, పదహారో శతాబ్దపు ఇటలీవాడు. రాళ్లు చెక్కే పనిలో మొదలై పెద్ద వాస్తుశిల్పి అయ్యాడు. వెనిస్ చుట్టుపక్కల భూస్వాములకి పొలాల మధ్య ఇళ్లు కట్టిపెట్టాడు. పొలం దగ్గరి ఇంటికి రోమన్ గుడి ముఖం తగిలించడం ఆయన కనిపెట్టిన చమత్కారం. వరసగా ఎత్తైన స్తంభాలు, వాటి మీద త్రికోణం. పాతకాలం రోమన్ల ఇళ్లకీ అలాంటి ముఖాలే ఉండేవని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం తప్పు, అవి గుళ్లకుండేవి. 1570లో ఆయన వేసిన పుస్తకం పట్టుకుని పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు జమీందార్లు తమ ఎస్టేట్ల నిండా అవే కట్టుకున్నారు. దీన్నే పల్లాడియన్ రివైవల్ అంటారు. రివైవల్ అంటే పునరుద్ధరణ కదా, మరి పునరుద్ధరించింది ఏమిటి? రోములో ఎన్నడూ లేని ఇంటిని, ఇటలీవాడు ఊహించగా, ఇంగ్లీషువాడు నకలు తీసి, దాన్ని ప్రాచీనం అన్నాడు.

ఆ నకలుకి నకలు కంపెనీ ఓడలెక్కి ఇటొచ్చింది. కలకత్తాలో వెల్లస్లీ కట్టించిన గవర్నమెంట్ హౌస్ 1803లో పూర్తయింది. దానికి నమూనా ఇంగ్లండులో డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాల్, కర్జన్ కుటుంబం వాళ్ల ఇల్లు. (ఆ ఇంటి పిల్లాడే దాదాపు వందేళ్ల తర్వాత వైస్రాయ్‌గా కలకత్తా నకలులోకి అద్దెకొచ్చినట్టు వచ్చి దిగాడు. ఇలాంటివి కల్పిస్తే నమ్మరు.) దాదాపు అదే సమయంలో హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున మద్రాసు ఇంజినీర్స్‌కి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ ఈ మేడ గీశాడు. కొరింథియన్ స్తంభాలు, పైన త్రికోణం, త్రికోణంలో కంపెనీ వారి రాజచిహ్నం. దూరం నుంచి చూస్తే రాతి కట్టడం అనుకుంటాం. లోపలంతా ఇటుక, సున్నం. మన మేస్త్రీలు సున్నాన్ని నున్నగా తోమి పాలరాయిలా మెరిపించడంలో మొనగాళ్లు. రోమన్ రాయిలాగా ఇంగ్లీషు గచ్చు, ఇంగ్లీషు గచ్చులాగా మన సున్నం.

దీన్ని నేను వెక్కిరించడం లేదు. అందంగానే ఉంది ఆ మేడ. మెట్ల కింద నిలబడి తల పైకెత్తితే మనిషి చిన్నవాడైపోతాడు. అదే నేననేది. మనిషిని చిన్నబుచ్చడమే దాని ఉద్యోగం. నగరం నడిబొడ్డున నిజాం కోట కాదు, మూసీకి ఇవతల ఒంటరిగా, చుట్టూ గోడతో, పూర్తిగా పరాయి భాషలో మాట్లాడే ఒక మేడ. అందులోకి నడిచొచ్చే హైదరాబాదీ అమీరుకి, ఏ దర్బారులో అసలు పని జరుగుతోందో ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. స్తంభాలే చెబుతాయి.

ఇప్పటికీ చెబుతూనే ఉన్నాయి. మన ఇళ్లలో కారు పెట్టుకునే చోటుని ఏమంటాం? పోర్టికో. ఆ మాట పల్లాడియో వాడినదే. నార్సింగి వైపు ఓ గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్ నా దగ్గరుంది, విల్లా ముందు రెండంతస్తుల తెల్ల స్తంభాలు, పైన త్రికోణం, కింద ఎస్‌యూవీ. కంపెనీ దొర నిజాంకి చూపించిన బొమ్మే, ఇప్పుడు మనం ఈఎంఐ కట్టి కొంటున్నాం. నేను కొనలేదు. అంత స్తోమత లేక కొనలేదని ఒప్పుకోవాలి.

బొమ్మ అంటే గుర్తొచ్చింది. ఈ మేడ గురించి చెప్పే కథల్లో నాకు బాగా నచ్చింది ఇదొకటి. కిర్క్‌పాట్రిక్ మేడకి, తోటకి ప్లాను వేయించి, పెద్ద కాగితం మీద నిజాం ముందు పరిచాడట. నిజాం చూసి కుదరదన్నాడు. దొర దిగాలుపడిపోతే ఆస్థానంలో పెద్దమనిషొకరు కిటుకు చెప్పాడు: "అంత పెద్ద కాగితం పరిస్తే ఆయనకి తన రాజ్యం మ్యాపులా కనపడింది. చిన్న కాగితం మీద గీసి చూపించు." కొన్నాళ్లకి అదే ప్లాను చిన్న అట్టముక్క మీద గీసి చూపిస్తే నిజాం నవ్వుతూ సరేనన్నాడట.

ఎవరు చెప్పినా దీన్ని ముసలి నవాబు అమాయకత్వం మీద జోకులాగా చెబుతారు. నేను చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత తేదీలు గుర్తొచ్చాయి. మేడ పని 1803 ప్రాంతంలో మొదలైంది. అప్పటికి మూడేళ్ల ముందే ఇదే దొర ఆయన ముందు నిజంగానే రాజ్యం మ్యాపు పరిచి, నాలుగు జిల్లాల మేర కత్తిరించుకుపోయాడు. పెద్ద కాగితం చూసి భయపడ్డ ఆ మనిషికి లెక్క తెలీక కాదు, తెలిసే భయపడ్డాడు. ఆ కథలో అమాయకుడెవరైనా ఉంటే, అది విని నవ్వుకునే మనం.

ఆ లెక్కేమిటో చెప్పాలి కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. 1798 ఒప్పందంతో నిజాం తన దగ్గరున్న ఫ్రెంచి అధికారుల పటాలాన్ని రద్దు చేసి, బదులుగా కంపెనీ పటాలాలు ఆరింటిని హైదరాబాద్‌లో పెట్టుకున్నాడు. ఖర్చు నిజాందే, ఏడాదికి 24 లక్షల రూపాయలకి పైగా. సైన్యం వాళ్లది, ఆజ్ఞ వాళ్లది, జీతం ఈయనది. మా భాషలో చెప్పాలంటే ఇది రద్దు చేసుకునే బటన్ లేని సబ్‌స్క్రిప్షన్. రెండేళ్లకి సైన్యం ఇంకా పెంచారు, ఇక నెలనెలా డబ్బు ఎందుకు, ఆ డబ్బు పండే భూమే ఇచ్చేయమన్నారు. టిప్పు మీద 1792, 1799 యుద్ధాల్లో కంపెనీ పక్కన నిలబడ్డందుకు నిజాం వాటాకి వచ్చిన భూములవి. కుడిచేత్తో ఇచ్చి ఎడంచేత్తో తీసేసుకున్నారు. సైన్యం జీతానికి మా సీమ పోయింది. ఆ సైన్యం అండ చూసుకుని కూర్చున్న దొరకి మేడ కావాల్సొచ్చింది. ఆ మేడ ఖర్చూ నిజాం ఖజానాదే.

ఖజానా అంటే ఎవరిదో మళ్లీ అడగాలి. నిజాం చేలో దిగి నాగలి పట్టలేదు కదా.

సీమ చేతులు మారగానే థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా దిగాడు. పాళెగాళ్లని అణిచాడు, భూములు కొలిపించాడు, శిస్తు కట్టాడు. మన్రోని మా వైపు ఇప్పటికీ మంచిగానే తలుచుకుంటారు, అది వేరే వ్యాసం. ఇటు హైదరాబాద్‌లో, హెన్రీ రస్సెల్ రెసిడెంటుగా ఉన్న రోజుల్లో, రెసిడెన్సీకి కూతవేటు దూరంలో విలియం పామర్ కంపెనీ అని ఓ వడ్డీ దుకాణం లేచింది. నిజాం సర్కారుకే నూటికి పాతిక దాకా వడ్డీకి అప్పులిచ్చింది. దేనికి? ఇంగ్లీషు అధికారుల కింద పెంచుతున్న ఇంకో సైన్యానికి జీతాలివ్వడానికి. కంటింజెంట్ అనే ఆ సైన్యం బాకీల కిందే 1853లో బీరార్ కూడా పోయింది. ఈ పత్రాలన్నిటి వెనకా ఈ మేడే. ఎక్కడికి పోవాలో తెలిసిన జనం 1857 జులై 17న అక్కడికే పోయారు. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందుండి రోహిల్లాలతో రెసిడెన్సీ మీద విరుచుకుపడ్డారు. గెలవలేదు. ఒకరిని తర్వాత కాల్చి చంపారు, ఇంకొకరిని అండమాన్ పంపారు. వాక్‌లో ఒక వాక్యం దక్కింది దీనికే.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకంటే, "హెరిటేజ్" అన్న మాటని మనం వాడే పద్ధతి చూసి. ఆ కుర్రాడు చెప్పినట్టు పాలిటిక్స్ ఒక గది, హెరిటేజ్ ఇంకో గది అయితే, ఈ మేడలో ఆ రెండో గది ఎక్కడుందో నాకు చూపించాలి. దర్బారు హాలు షాండ్లియర్ కిందా? త్రికోణంలో ఉన్న కంపెనీ చిహ్నంలోనా?

ఇక మా అత్తగారి సంగతి. ఆవిడ ఎనభైల మొదట్లో ఇక్కడ బీఏ చదివారు. నల్గొండ జిల్లా నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకున్న మనిషి. 1949లో ఉస్మానియా విమెన్స్ కాలేజీ ఈ మేడలోకి వచ్చింది. అప్పట్నుంచి ఎన్ని వేల మంది ఆడపిల్లలు ఈ మెట్లెక్కారో. వాక్‌లో వాళ్ల ప్రస్తావన ఒకే ఒక్క చోట వచ్చింది: "మధ్యలో కాలేజీ నడిచింది సార్, మెయింటెనెన్స్ లేక బాగా పాడైంది. ఇప్పుడు రిస్టోర్ చేశారు." 2023లో బాగుచేసి తెరవడం మంచిపనే, దాని వెనక ఎంతోమంది ఏళ్ల శ్రమ ఉంది. ఆ వాక్యంలో "పాడైంది" అన్న మాటకి కర్తలు ఎవరో గమనించారా? దొరలు నూటనలభై ఏళ్లు ఉంటే అది చరిత్ర. ఆడపిల్లలు డెబ్భై ఏళ్లు చదువుకుంటే అది మెయింటెనెన్స్ సమస్య.

పక్కకి తిరిగి ఆవిణ్ణి చూశాను. ఆవిడ వినడం లేదు. స్తంభం చుట్టూ తిరిగి దేన్నో వెతుకుతున్నారు.

"ఏంటి అత్తయ్యా?"

"ఏం లేదు బాబూ. ఇక్కడ్నే కూసొని డబ్బాలు తినేటోళ్లం. ఎండకాలం గూడ సల్లగుండేది ఈ మూల. మా దోస్తు గోరుతోని పేరు గీకింది ఈడ. సున్నమేసిండ్రు గదా, పోయింది."

"దొర కథ తెలుసా మీకప్పుడు?"

"దొర ఎవరు? మాకు హిస్టరీ మేడం చెప్పింది గని, పరీక్షల రాలే."

గోరుతో గీకిన ఆ పేరుని రిస్టోర్ చేయమని నేననను, సున్నం పాడవుతుంది. నాకు అర్థమైందల్లా, ఈ మేడ నిజంగా ఎవరికైనా ఇల్లయిందంటే అది ఆ మూలలో డబ్బా విప్పుకున్నవాళ్లకేనని. కిర్క్‌పాట్రిక్ ఎన్నాళ్లున్నాడు ఇందులో? 1803లో పునాది అనుకుంటే 1805కి మనిషే లేడు.

ఇప్పుడా కాలేజీ విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆ వార్త వచ్చినరోజు మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒకడు, "అంత క్లాసీ బిల్డింగుకి ఈ పేరు సూట్ కాలేదు రా," అని రాశాడు. కులం గురించి అన్నావా అని అడిగితే, ఛ ఛ, ఈస్తటిక్స్ గురించి అన్నాడు. ఎనిమిది మంది బొటనవేలు ఎత్తారు. పాలకుర్తిలో తన కౌలు భూమి కోసం, పండించిన పంట గింజల కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచిన మనిషి పేరు. ఆ గింజల మీంచి పైకి పాకిన పన్నుతోనే ఇలాంటి స్తంభాలు లేస్తాయి. నాకైతే ఈ ఊళ్లో ఇంతకన్నా సూటయ్యే పేరు ఏ బిల్డింగుకీ కనపడలేదు.

నేనడిగేది పెద్దదేం కాదు. ఆ ప్రేమకథ బోర్డు తీసేయక్కర్లేదు, ఖైరున్నిసా పేరు ఉండాల్సిందే, మచిలీపట్నంతో సహా ఉండాలి. దాని పక్కనే 1800 అక్టోబర్ 12 నాటి ఒప్పందం తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి దర్బారు హాలు గోడకి పెట్టండి. ఏ తాలూకాలు పోయాయో మ్యాపు గీసి పెట్టండి. పెద్ద కాగితం మీదే గీయండి. అనంతపురం నుంచి కోచింగుకనో ఇంటర్వ్యూకనో హైదరాబాద్ వచ్చి, మెహదీపట్నం హాస్టల్లో ఉండే ఓ కుర్రాడో పిల్లో ఓ ఆదివారం అక్కడికొస్తే, తన ఊరు ఎలా చేతులు మారిందో చూసుకుంటారు. ఆ ఇంకో గోడ మీద 1949 నుంచి అక్కడ చదివిన బ్యాచ్‌ల గ్రూప్ ఫోటోలు పెట్టండి. మా ఇంట్లో ఒకటుంది. 1983 బ్యాచ్, మెట్ల మీద మూడు వరసలు, మా అత్తగారు రెండో వరసలో కుడి నుంచి నాలుగు, రెండు జడలు. పక్కనున్న సింహం నోట్లో ఎవరో చెయ్యి పెట్టి నవ్వుతున్నారు. ఎవరని అడిగితే ఆ రోజు మెట్రోలో ఇంటికొస్తూ చెప్పారు. పేరు గీకిన దోస్తేనట.